పార్ట్‌నర్ టూ నో ట్రంప్ అని పిలిస్తే వెళ్ళాలా, ఆగాలా?

కోట జంక్షన్:
మాది విజయనగరం. శనివారం రాత్రిళ్ళు మా మావయ్య గారి మేడ మీద రబ్బర్ బ్రిడ్జ్ (పార్ట్‌నర్‌తో ఆడే పేకాట) ఆడతాం. నేను నేర్చుకుని రెండేళ్ళు, ఆయన ఆడబట్టి నలభై. మొన్న నా చేతిలో ఇస్పేటు రాజు, రాణి, 7. ఆటీను ఆసు, జాకీ, 5. డైమన్ రాజు, 10, 4. కళావరు రాణి, జాకీ, 6, 2. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున మొత్తం 16 పాయింట్లు. మేం 15-17 పాయింట్లుంటే వన్ నో ట్రంప్ (తురుపు లేకుండా ఏడు ట్రిక్కులు) అంటాం కాబట్టి అలాగే అన్నాను. మావయ్య గారు కాసేపు గడ్డం గోక్కుని టూ నో ట్రంప్ అన్నారు, అంటే నీకు ఎక్కువుంటే త్రీ నో ట్రంప్‌కి (తొమ్మిది ట్రిక్కులు, గేమ్) పద అని పిలుపు, ఇన్విటేషన్. పొడుగు రంగు లేని 4-3-3-3 చెయ్యి కదా అని పాస్ చేశాను. ఆయన దగ్గర 9 ఉన్నాయి. తొమ్మిది ట్రిక్కులూ వచ్చేశాయి. "పిలిస్తే రావేటి అల్లుడూ" అని పదకొండు దాకా సణుగుడే.

రెండు విషయాలు అడగాలి. సరిగ్గా మధ్యలో 16 ఉంటే మీరేం చేస్తారు? ఇంకోటి, వన్ స్పేడ్ మీద త్రీ స్పేడ్స్ అంటే ఆగకూడదని ఆయన, అది వట్టి ఇన్విటేషనే అని నేను. ఎవరిది కరెక్టు?

నాగావళి గట్టు:
పాస్ కరెక్టే. ఆ 16లో 6 పాయింట్లు రాణులూ జాకీలే, పైగా 4-3-3-3. ఒకటి తీసేసి 15 అనుకోవాలి. సరిగ్గా ఇలాంటి చేత్తో నేను త్రీకి వెళ్ళి రెండు డౌన్ అయ్యాను, వల్నరబుల్‌లో (ఓడితే శిక్ష, గేమ్ కొడితే బహుమానం ఎక్కువుండే స్థితి) 200 పోయింది. మా శ్రీకాకుళం బ్యాచ్ ఇప్పటికీ నన్ను 'రెండొందలు' అనే పిలుస్తారు.

పెన్షనర్ 52:
ఆ పంపకానికి ముందు గీత కింద (గేమ్‌కి లెక్కపెట్టే స్కోరు) మీకు ఎంత ఉంది? 30 ఉంటే టూ నో ట్రంప్‌తోనే 70 కలిసి 100 అయిపోతుంది, గేమ్. అప్పుడది పిలుపే కాదు.

ఇస్పేటు రాణి:
మీది ఒక బాధా? నేను వన్ హార్ట్, మా వారు టూ హార్ట్స్, నేను త్రీ క్లబ్స్. అంటే 'నాకు కళావర్లో సాయం కావాలి, అక్కడ నీకు ఏమైనా ఉంటే ఫోర్ హార్ట్స్‌కి పద, లేకపోతే త్రీ హార్ట్స్ అని ఊరుకో' అని. ఇద్దరం పక్కపక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఆయన పాస్! కళావరే తురుపైపోయింది. నా దగ్గర కళావర్లు మూడు, ఆయన దగ్గర రెండు. తొమ్మిది ఆటీన్లు పెట్టుకుని అయిదు ముక్కల తురుపుతో ఆడాను. అడిగితే "నీకు కళావర్లు ఎక్కువున్నాయేమో అనుకున్నా" అన్నారు. పదిహేడేళ్ళ కాపురం అండీ. ఆ రాత్రి ఉప్మా చేశాను, జీడిపప్పు వెయ్యకుండా.

టోర్నీ పులి:
నేను విశాఖలోనూ బయటా టీమ్ టోర్నమెంట్లు ఆడినవాణ్ణి, కాబట్టి లెక్క చెబుతాను. వల్నరబుల్‌లో ఫోర్ స్పేడ్స్ చెప్పి కొడితే 620. అవే పది ట్రిక్కులు కొట్టి, గేమ్ చెప్పకపోతే 170. తేడా 450, అంటే 10 ఇంప్స్ (టీమ్ పోటీల్లో రెండు టేబుళ్ళ తేడాని మార్చి ఇచ్చే పాయింట్లు). వెళ్ళి ఒకటి డౌన్ అయితే మనకు మైనస్ 100, అవతలి టేబుల్లో గేమ్ చెప్పకుండా ఆగినవాళ్ళకి 140. తేడా 240, అంటే 6 ఇంప్స్. 10 కోసం 6 పణం పెడుతున్నాం. గేమ్ వచ్చే అవకాశం 37.5 శాతం ఉన్నా వెళ్ళాల్సిందే. వల్నరబుల్ కాకపోతే 6కి 5, సుమారు 45 శాతం కావాలి. ఇది తెలియక జనం 'పిరికి పాస్' కొడతారు.

ఇంకో మాట. మావయ్య గారు గడ్డం గోక్కున్నారని మీరే రాశారు. ఆగి ఆగి చేసిన బిడ్ నుంచి మీకు అనధికారిక సమాచారం వచ్చింది. రూల్స్‌లో 16వది చదవండి. దాని ఆధారంగా మీరు వెళ్ళనూ కూడదు, ఆగనూ కూడదు.

నాగావళి గట్టు:
వెళ్ళకూడదు, ఆగకూడదు. మరి మేడ మీంచి దూకాలా? మామా అల్లుళ్ళు పకోడీలు తింటూ ఆడుకుంటుంటే లాయర్ నోటీసు ఇస్తారేంటి! అయినా వాళ్ళు ఆడేది రబ్బర్. అందులో ఇంప్స్ ఎక్కడివి?

టోర్నీ పులి:
మోసం చేశారని నేను అనలేదు. అలవాటు మంచిది కాదు అన్నాను. ఇంట్లో చేసిందే టోర్నమెంట్లోనూ చేస్తారు.

చీపురుపల్లి ప్యాసింజర్:
నెమ్మదిగా చెప్పిన టూ నో ట్రంప్ అంటే ఏడున్నర పాయింట్లా, తొమ్మిదిన్నరా? పాస్ చేద్దామా అని ఆలోచించారా, నేరుగా త్రీ చెబుదామా అని ఆలోచించారా? రెంటిలో ఏదో తెలియనప్పుడు అది అల్లుడికి ఏం సూచించినట్టు?

టోర్నీ పులి:
ఎప్పుడూ ఆడే పార్ట్‌నర్ గడ్డం ఎందుకు గోక్కుంటాడో తెలుస్తుందండీ. రూల్స్ గురించి నాకు చెప్పక్కర్లేదు. డైరెక్టర్ దగ్గర మూడు కేసులు గెలిచాను.

నాగావళి గట్టు:
ఆటలో ఎన్ని గెలిచారు?

టోర్నీ పులి:
మర్యాదగా మాట్లాడండి. వల్నరబుల్‌లో 200 పోగొట్టుకుని పేరు తెచ్చుకున్నవారు నాకు పాఠాలు చెప్పడమా.

చీపురుపల్లి ప్యాసింజర్:
ఆగండి బాబూ. టూ నో ట్రంప్ మీద నా అనుభవం వినండి. ఆన్‌లైన్‌లో ఎవరో తెలియని మనిషితో ఆడుతున్నాను. ఆయన వన్ నో ట్రంప్, నేను 8 పాయింట్లతో టూ నో ట్రంప్. ఆయన త్రీ డైమండ్స్ అన్నాడు. నాకున్నవి రెండు డైమన్లు. వాళ్ళ పద్ధతిలో టూ నో ట్రంప్ అంటే 'డైమన్లు చెప్పు' అని ట్రాన్స్‌ఫర్ అట. ఇన్విటేషన్ ఇవ్వాలంటే ముందు టూ క్లబ్స్ అనాలట. చాట్‌లో తిట్టి వెళ్ళిపోయాడు. ఇదంతా మా అమ్మ వెనక నుంచి చూస్తోంది. "పేకాటలో కూడా తిట్టించుకుంటున్నావా" అంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌లో మన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారమ్మా, వాళ్ళకు 60, 56 ఏళ్ళు అని చెప్పాను. "అయితే నీకింకా టైముంది, ముందు కరెంటు బిల్లు కట్టు" అంది.

ఇస్పేటు రాణి:
అమ్మగారికి నమస్కారం చెప్పండి. మా అత్తగారికి బ్రిడ్జ్, రమ్మీ అన్నీ ఒకటే.

పెన్షనర్ 52:
రెండో ప్రశ్న అందరూ వదిలేశారు. పాత పుస్తకాలతో నేర్చుకున్నవాళ్ళకి వన్ స్పేడ్ మీద త్రీ స్పేడ్స్ అంటే 13 పాయింట్ల పైన, గేమ్ దాకా ఆగకూడదు. అప్పట్లో వన్ నో ట్రంప్ కూడా 16-18. తర్వాత వచ్చిన పద్ధతిలో నాలుగు ఇస్పేట్లు, 10-12, వట్టి ఇన్విటేషన్. ఆయన తప్పు చెప్పలేదు, మీరూ తప్పు చెప్పలేదు. ముక్కలు పంచకముందే మాట్లాడుకోవాలి. గీత కింద ఎంత ఉందో ఇంకా చెప్పలేదు.

కోట జంక్షన్:
ఇదంతా మావయ్య గారికి చదివి వినిపించాను. గడ్డం గోక్కోవడం గురించి అడిగితే, పంట్లో వక్క ఇరుక్కుందట, నాలుకతో తీసుకుంటున్నారట. 9 పాయింట్లకి ఆలోచించడమేటి అని టోర్నీ పులి గారి మీద కోప్పడ్డారు. సిరిమానుకి వస్తే మేడ మీద కుర్చీ వేయిస్తారట, ఎదురుగా కూర్చోమన్నారు.

టోర్నీ పులి:
వక్క అయినా సరే, బిడ్ ఆలస్యమైనట్టే. వస్తాను. నా పార్ట్‌నర్‌ని నేనే తెచ్చుకుంటాను.

పెన్షనర్ 52:
గీత కింద?

కోట జంక్షన్:
సారీ సార్. సున్నా. రెండు వైపులా సున్నా.

పెన్షనర్ 52:
అయితే వెళ్ళాల్సింది. జాకీలకు ఒక పాయింటు కొట్టేసినవాళ్ళు డైమన్ 10ని చూడలేదు. ఇస్పేటు రాజు, రాణి పక్కపక్కనే ఉన్నాయి, అవి వేస్ట్ కాదు. 16 అంటే 16. ఎదుట 8 ఉన్నా 24, 9 ఉంటే 25, గేమ్‌కి వెళ్ళడానికి చాలు.

నాగావళి గట్టు:
నేనైతే పాసే.

ఇస్పేటు రాణి:
నా త్రీ క్లబ్స్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా వారు ఇదంతా చదివి, "చూశావా, ఎవరూ నన్ను తప్పు పట్టలేదు" అంటున్నారు.