అమ్మమ్మ వేసుకునే మాత్ర అమైలాయిడ్‌ని ఆపుతుందా, ఆపదా?

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మమ్మకి అల్జీమర్స్ అని తెలిసి రెండేళ్లయింది. నిన్న పొద్దున ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి, పాలు ఇంకా పొంగలేదేంట్రా అని నన్నడిగింది. డాక్టర్ గారు డోనెపెజిల్ రాశారు గానీ అదెలా పనిచేస్తుందో అడిగేలోపే తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. అందుకే నేనే చదువుతున్నా, బీకాం బుర్ర, తప్పులుంటే తిట్టకుండా చెప్పండి.

నాకు అర్థమైనంతలో, మెదడు కణాల పొరలో ఏపీపీ అనే ప్రొటీన్ ఉంటుంది, దాన్ని ఆల్ఫా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ కోస్తే గొడవ లేదు, ఎందుకంటే అమైలాయిడ్ బీటా (అల్జీమర్స్‌లో మెదడు కణాల బయట గడ్డకట్టే ముక్క) అవ్వాల్సిన భాగాన్నే మధ్యకి తెంచేస్తుంది. అలాక్కాకుండా ముందు బేస్1, తర్వాత గామా సెక్రెటేజ్ అనే ఎంజైమ్‌లు కోస్తే అమైలాయిడ్ ముక్క ఊడొస్తుంది. అందులో 42 అమైనో ఆమ్లాలున్న రకం 40 ఉన్నదానికంటే తొందరగా అతుక్కుని గడ్డకడుతుందట. కణం లోపలేమో టౌ ప్రొటీన్‌కి జీఎస్‌కే3 బీటా లాంటి ఎంజైమ్‌లు ఫాస్ఫేట్లు ఎక్కువ తగిలిస్తే అది జడలు కట్టిన జుట్టులా చిక్కుపడిపోతుంది.

ఇక నా డౌట్లు. డోనెపెజిల్ ఆపేది అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్‌ని (నరాల కణాల మధ్య కబురు మోసే అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) కదా, అంటే ఈ కోతల జోలికి పోనట్టేనా? బేస్1ని ఆపే వెరుబెసెస్టాట్ అనే మందు అమైలాయిడ్‌ని తగ్గించింది, అయినా 2018లో ట్రయల్ ఆపేశారు, పైగా తొలిదశ రోగుల్లో మందు వేసుకున్నవాళ్లే జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారు. ఇదే నాకు మింగుడుపడట్లేదు. బేస్1కి మెదడులో వేరే పనులు కూడా ఉన్నందుకా, లేక అప్పటికే ఆలస్యమైందా? బయటున్న అమైలాయిడ్ లోపలున్న టౌని ఎలా రెచ్చగొడుతుంది? బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఎవరైనా కాస్త తేలిక తెలుగులో చెప్తారా?