రామనగరం పదకొండు నెలలు: ఓడిన పన్నుల గొడవా, మన గడ్డ మీద వెలిసిన చిన్న రిపబ్లిక్కా?

ఒంగోలు వాసి:
మొన్న మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకంలో చీరాల–పేరాల ఉద్యమం మీద ఉన్న ఒక్క పేరా చదివి, "చివరికి ఓడిపోయారు కదా నాన్నా" అన్నాడు. నాకు మింగుడు పడలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేయాలని 1919లో మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటిదాకా ఊరంతటి మీద ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరింది. ఉన్నవాళ్లలో ఎక్కువమంది నేతపని మీద బతికేవాళ్లే. అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. 1921 ఏప్రిల్లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు. పన్ను కట్టకుండా ఉండి జైళ్లకు పోవడం ఒకటి, మున్సిపాలిటీ హద్దు దాటి బయటికి పోవడం రెండోది. జనం రెండోది పట్టుకున్నారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలమంది ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. అక్కడ ఊరికే తలదాచుకోలేదు. ప్రతినిధులను ఎన్నుకుని సభ పెట్టుకున్నారు. తగవులు తీర్చడానికి తమ పంచాయతీ కోర్టు పెట్టుకున్నారు. కాపలాకు, క్రమశిక్షణకు రామదండు అనే వాలంటీర్ల దళం ఉంది. సర్కారుతో పని లేకుండా పదకొండు నెలలు ఊరు నడిపారు. పారిస్ కమ్యూన్ 1871లో 72 రోజులే ఉంది. దాన్ని ప్రపంచమంతా విప్లవ ప్రభుత్వమని చదువుతుంది. మన రామనగరాన్ని మాత్రం ఒక్క పేరాలో "విఫలమైంది" అని తేల్చేస్తామా?

రిటైర్డ్ మాస్టారు, అద్దంకి:
ఒంగోలు మిత్రమా, మీ అభిమానం అర్థమైంది. కానీ పేరు పెద్దది పెట్టినంత మాత్రాన విషయం పెద్దది కాదు. పారిస్‌లో కార్మికులు ఆయుధాలతో నగరాన్ని పట్టుకున్నారు, పాత ప్రభుత్వం వెర్సేల్స్‌కు పోయింది. రొట్టెల కార్మికులకు రాత్రిపని రద్దు చేస్తూ చట్టం చేశారు. రామనగరం వాళ్లు రాజ్యాన్ని పట్టుకోలేదు, రాజ్యానికి దూరంగా జరిగారు. రిపబ్లిక్ అని ఎక్కడా ప్రకటించుకోలేదు కూడా.

ఇంకో మాట. ఆ సభకు ప్రతినిధులను కులాలవారీగా ఎన్నుకున్నారు. అది కొత్త సమాజమా, పాత ఊరినే పాకల్లోకి మార్చుకోవడమా? దీనికి జవాబు చెప్పకుండా రిపబ్లిక్ అనకూడదని నా అభిప్రాయం.

మరోటి ఎవరూ చెప్పరు. ఎదుటి పక్షం తెల్లదొరలు ఒక్కరే కాదు. 1920 చివర మద్రాసులో ఎన్నికల్లో గెలిచి, బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీ మంత్రివర్గం వచ్చింది. మున్సిపాలిటీలు పానగల్లు రాజా గారి చేతిలోని స్థానిక స్వపరిపాలన శాఖ కిందివి. ఆయన మన తెలుగువాడే. ఓటింగు ద్వారా వచ్చిన మంత్రి ఒక పక్క, ఊరు వదిలిన జనం ఒక పక్క. ఇంత చిక్కుముడిని దేశభక్తి కథగా సాఫు చేయకండి.

కావలి పాఠకుడు:
మాస్టారు గారి చివరి మాట బలమైనది. కానీ నాకది రామనగరం వైపే మొగ్గుతున్నట్టుంది. జనం వద్దన్న మున్సిపాలిటీని స్థానిక స్వపరిపాలన అని మంత్రి అంటున్నాడు, తమను తాము పాలించుకుంటున్న జనాన్ని నేరస్తులంటున్నారు. ఏది స్వపరిపాలన? ఇక పోలిక కావాలంటే పారిస్ దాకా ఎందుకండీ? బెంగాల్లో తమ్లుక్ జాతీయ ప్రభుత్వం 1942 డిసెంబరులో వచ్చి 1944 దాకా నడిచింది. సతారాలో నానా పాటిల్ ప్రతి సర్కార్ 1943లో మొదలై 1946 దాకా ఉంది. వాటిని సమాంతర ప్రభుత్వాలని అందరూ ఒప్పుకుంటారు. రామనగరం వాటికంటే ఇరవై ఏళ్ల ముందుది, అదీ ఆయుధం లేకుండా.

నేతబిడ్డ, చీరాల:
మీరంతా రాజ్యం, రిపబ్లిక్ అంటున్నారు. నేను మగ్గం గురించి చెప్తాను.

మా నాయనమ్మకు ఇప్పుడు 88. వాళ్ల అమ్మ రామనగరంలో ఉంది, అప్పటికి కొత్త పెళ్లికూతురు. మా ఇంట్లో చెప్పుకునేది ఇది. గుంట మగ్గాన్ని మంచంలా ఎత్తుకుపోలేం. కాళ్లు పెట్టి తొక్కడానికి నేలలో గుంట తవ్వాలి. ఇసకలో తవ్వితే అంచులు జారిపోతాయి. తాటిమొద్దులు అడ్డం పెట్టి నిలబెట్టారట. వానాకాలం రాగానే గుంటలో నీళ్లు ఊరాయి. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా కట్టే దారాలకు, పెట్టిన గంజి ఆరదు, దారం తెగిపోతుంది. నేసేవాడికి నేత ఆగితే పూట గడవదు. షావుకారి అప్పు మాత్రం ఆగదు.

అయినా మా ముత్తవ్వ ఒక్కసారి కూడా "ఎందుకు పోయామా" అనలేదంట. "గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టాక చేతులు జారిపోయాయి" అనేదంట.

కాబట్టి గెలిచారా ఓడారా అన్న దానికి ముందు, ఎవరి కూడు పోయిందో కూడా రాయండి.

రిటైర్డ్ మాస్టారు, అద్దంకి:
అమ్మా, ఈ గుంట మగ్గం సంగతి నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పి కూడా ఆలోచించలేదు. బరంపురంలో అరెస్టయి ఆయన ఏడాది జైలుకు పోయాక ఉద్యమం నీరుగారిందని పాఠంలో చెప్పేవాణ్ణి. దాని వెనక ఇంత తడిసిన దారం ఉందని తెలియదు.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఒక్క మనిషి జైలుకు పోతే కూలిపోయేది ప్రజల ప్రభుత్వం ఎలా అవుతుంది? ఎన్నుకున్న సభ ఉంది కదా, అది ఎందుకు నిలబెట్టలేకపోయింది?

ఒంగోలు వాసి:
మాస్టారూ, ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో చదివి వచ్చి చీరాలలో విద్యా గోష్ఠి పెట్టిన మనిషి. ఆయన మాట మీద జనం నడిచారు. అది బలం, అదే బలహీనత కూడా. కులాలవారీ సభ గురించి మీరన్నదీ ఒప్పుకుంటున్నాను. రిపబ్లిక్ అన్న మాట వెనక్కి తీసుకుంటాను, సమాంతర పాలన అంటాను.

కానీ "విఫలం" అన్న మాట ఒప్పుకోను. మున్సిపాలిటీ ఉండిపోయింది, నిజమే. జనం తిరిగొచ్చి పన్ను కట్టారు, అదీ నిజమే. అయితే మరుసటి ఏడాదే, 1922 మొదట్లో, గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) పన్నుల నిరాకరణ లేచింది. చీరాల వాళ్లు చేసి చూపించకపోతే ఆ ధైర్యం అంత తొందరగా వచ్చేదా? రెండింటికీ ఎంత సంబంధం ఉందో గుంటూరు వైపు పెద్దలు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

చీరాలను 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు. ఇక మన ప్రకాశం స్థానిక చరిత్రలో ఈ ఒక్క పేరా కూడా మిగలదేమోనని నాకు భయంగా ఉంది.

చెల్లెమ్మా, మీ నాయనమ్మ గారి మాటలు ఫోన్లో రికార్డు చేయండి, ఆలస్యం చేయకండి. ఆ పాకలు ఎక్కడ వేశారో, మంచినీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో, సభలో మీ వాళ్ల తరఫున ఎవరు కూర్చున్నారో అడగండి. మీకు అభ్యంతరం లేకపోతే వచ్చే ఆదివారం నేను మా అబ్బాయిని తీసుకుని వస్తాను.