వాగ్దాన కార్డులో నీళ్ళ మాట వచ్చింది, నాలుగో బోరు వేయమనేనా?

కళ్యాణదుర్గం సోదరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, చెట్లు నాటి ఎనిమిదేళ్ళు. ఇప్పటికి మూడు బోర్లు వేశాం. మొదటిది నాలుగేళ్ళు నీళ్ళిచ్చి ఎండిపోయింది. రెండోది ఆరువందల నలభై అడుగులు పోయినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. బోరు బండి వెళ్ళిపోయాక ఆ రాతిపొడి చీనీ ఆకుల మీద వారం రోజులు అలాగే ఉండింది. తోటలోకి పోవాలంటేనే నాకు కాళ్ళు వచ్చేవి కావు. మూడోది నడుస్తోంది గానీ ఫిబ్రవరి నుంచి ఐదు గంటలు ఆడేసరికి గాలి కక్కుతోంది. పైవరస చెట్లు అప్పుడే ఆకు ముడుచుకున్నాయి.

మా ఆయన నాలుగో బోరు వేద్దామంటున్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అయ్యగారు ఒక్కొక్క బైబిలు వచనం రాసున్న వాగ్దాన కార్డుల పళ్ళెం తెస్తే, ఆయన తీసినదాంట్లో యెషయా 41:18 వచ్చింది. ఎండిన నేలను నీటి బుగ్గలుగా చేస్తానన్న మాట. ఆ కార్డు బీరువా అద్దం మూలన దోపారు. రోజూ తల దువ్వుకునేటప్పుడు దాన్ని చూస్తారు. "దేవుడే చెప్పినాడు కదా, ఇంకా ఎవరిని అడగాలి?" అంటారు.

బోరు, కేసింగు, మోటారు, కేబుల్ అన్నీ కలిపితే రెండు లక్షలు దాటుతుంది. ఇంట్లో ఉన్నది నా నాలుగు తులాల బంగారం, పాప నర్సింగు రెండో ఏడాది ఫీజుకని దాచిన డెబ్బై వేలు. కొంచెం ఆగుదామన్నాను. ఆయన కోప్పడలేదు. నిదానంగా "నీకు విశ్వాసం లేదు" అన్నారు. ఆ మాట మూడు వారాలుగా నన్ను తినేస్తోంది. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక కూడా ఒక్క ఆదివారం గుడి మానలేదు.

పొద్దున గేట్ వాల్వు తిప్పడానికి పోయినప్పుడు అక్కడే నిలబడి యాకోబు 1:5 పట్టుకుని ప్రార్థన చేస్తున్నాను. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన గద్దింపక ధారాళంగా ఇస్తాడని ఉంది కదా. కానీ వెంటనే ఆరో వచనం గుర్తుకొస్తుంది. సందేహించేవాడు గాలికి ఎగిరిపడే సముద్ర తరంగం లాంటివాడని. నేను ఆగుదామనడం జ్ఞానమా, సందేహమా? నేనేనా ఆ తరంగం? దయచేసి చెప్పండి, నాకు రాత్రిళ్ళు నిద్ర రావడం లేదు.

ఇంకో మాట. మా బావగారు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళ పాయింట్ చూపించే మనిషిని తీసుకొస్తానంటున్నారు. దానికి నాకు మనసొప్పడం లేదు.

---

యాడికి తమ్ముడు

వందనాలు అక్కా. దేవుడు వాగ్దానం ఇచ్చాక వెనక్కి చూడొద్దు. మా చిన్నాయన వాళ్ళు మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టుకుని బోరు వేశారు, రెండున్నర ఇంచు నీళ్ళు పడ్డాయి. ఈ రోజుకీ తగ్గలేదు. ఆ నీళ్ళు పైకి లేచినప్పుడు నేను అక్కడే ఉన్నాను, చిన్నాయన బురదలోనే మోకాళ్ళ మీద పడి ఏడ్చినాడు. మీకు ఇంకా టెన్షన్‌గా ఉంటే, బైబిల్లో గొర్రెబొచ్చు పరచి దేవుణ్ణి గుర్తు అడిగిన గిద్యోను లాగా ఒక గుర్తు అడగండి. టెంకాయ మాత్రం వద్దక్కా.

---

ప్రొద్దుటూరు టీచరమ్మ

అమ్మా, ముందు మీ ఆయన మాట గురించి. విశ్వాసం లేదన్న మాటను భార్య మీద వాడితే ఇంట్లో ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. పేతురు మొదటి పత్రిక 3:7 ఇద్దరూ కలిసి చదవండి. భర్తలు తమ ప్రార్థనలకు అభ్యంతరం కలగకుండా "జ్ఞానము చొప్పున" భార్యలతో కాపురం చేయాలని ఉంది. మీరు వాల్వు దగ్గర నిలబడి అడుగుతున్న జ్ఞానమే అది. దాన్ని కాపురంలో చూపించమని ఆయనకూ ఆజ్ఞ ఉంది. ఆయన్ని తప్పుపట్టడానికి చదవకండి. పక్కన కూర్చుని చదవండి.

కార్డు సంగతి. నేనూ ఏటా తీస్తాను, నా బైబిల్లో పాత కార్డులు ఇరవై దాకా ఉంటాయి. ఆ మాటలు నన్ను నిలబెట్టాయి, అందులో సందేహం లేదు. ఇలా ఒక వచనం తీసి పట్టుకునే అలవాటు పాతదే. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సోదరులనే క్రైస్తవ సంఘంవాళ్ళు 1728లో రోజుకొక వచనం ఇంటింటికీ అందించడం మొదలుపెట్టారు, 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. వాళ్ళు ఒకప్పుడు పెళ్ళిళ్ళ లాంటి విషయాలకు కూడా చీట్లు వేసేవారు, తర్వాత అది మానేశారు. రోజు వచనం మాత్రం ఈనాటికీ ఉంది. వచనం మనతో పాటు నడవడానికి. మన బదులు నిర్ణయం తీసుకోవడానికి కాదు.

మీ కార్డు వచనానికి ముందున్న పదిహేడో వచనం కూడా చదవండి. దీనదరిద్రులు నీళ్ళు వెతుకుతుంటే దొరకక నాలుక ఎండిపోతోంది, నేను వారిని విడువను అంటాడు దేవుడు. అక్కడున్న వాగ్దానం విడువను అన్నది. బోరు పడినా పడకపోయినా అది మీదే.

టెంకాయకు మీ మనసు చెప్పిందే సరి. బావగారికి మర్యాదగా వద్దని చెప్పేయండి.

---

పత్తికొండ రైతు

వందనాలమ్మా. నాకు అరవై మూడేళ్ళు. మా పొలంలో ఎనిమిది బోర్లు వేశాను. ఇప్పుడు నీళ్ళున్నది ఒక్కదాంట్లో. మిగతా వాటి అప్పు కింద రెండెకరాలు పోయింది. కాబట్టి ఇది చూసి చెప్తున్న మాట, చదివి చెప్తున్నది కాదు.

యాడికి తమ్ముడూ, మీ చిన్నాయన సాక్ష్యం నిజమే, దేవునికి స్తోత్రం. ఐదో బోరుకు నేనూ ఉపవాసమున్నాను. మా సంఘమంతా వచ్చి బోరు బండి చుట్టూ నిలబడి పాటలు పాడారు. ఏడువందల అడుగుల దగ్గర బండివాడు ఆపి నా ముఖం చూశాడు. ఇంకో వంద అడుగులు పొమ్మన్నాను. లోతు పోయేకొద్దీ అడుగుకు రేటు పెరుగుతుందని తెలిసి కూడా పొమ్మన్నాను, ఎందుకంటే ఆపితే విశ్వాసం లేనివాణ్ణనుకుంటారని. ఆ వంద అడుగులు నేను దేవుణ్ణి నమ్మి వేయలేదు, మనుషులకు భయపడి వేశాను. ఇది ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఎలా ఉండేదో చెప్తానమ్మా. "నీళ్ళియ్యి ప్రభువా" అని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. "వేయాలా, వద్దా" అని ఒక్కసారీ అడగలేదు. నిర్ణయం నాది, కింద సంతకం మాత్రం ఆయనది కావాలన్నాను. మీరు అడుగుతున్నది వేరు. మీరు నిజంగానే అడుగుతున్నారు.

యాకోబు చెప్పిన తరంగం బోరును సందేహించేవాడు కాదు. ఆ పైన శోధనల గురించి చెప్తున్నాడు, కష్టంలో ఉన్నవాడు జ్ఞానం అడిగితే దేవుడు గద్దించకుండా ఇస్తాడని చెప్తున్నాడు. ఇచ్చేవాడి మంచితనం మీద మనసు ఇటూ అటూ కొట్టుకునేవాడే ఆ తరంగం. భూమి కింద ఎనిమిదివందల అడుగుల దగ్గర నీళ్ళున్నాయో లేదో అని అనుమానించడం మీద ఆయనకేమీ అభ్యంతరం లేదు. గిద్యోనుతో దేవుడు ముందే నేరుగా మాట్లాడాడు, గొర్రెబొచ్చు ఆ తర్వాత పరచింది. మనకు అలా ఎవరూ బోరు వేయమని చెప్పలేదు కదా.

ఆదికాండం 26 చదవండి, అది మన సీమవాళ్ళ అధ్యాయం. ఇస్సాకు మనుషులు గెరారు లోయలో తవ్వితే నీళ్ళు పడ్డాయి. పక్కవాళ్ళు జగడమాడారు, దానికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. రెండోదానికీ జగడమే, దానికి శిత్నా అని పేరు పెట్టి వదిలేశాడు. ముందుకు పోయి తవ్విన బావికి ఎవరూ అడ్డురాలేదు, అది రహెబోతు. నీళ్ళున్న బావులనే వదిలిపెట్టి నడిచినవాణ్ణి విశ్వాసం లేనివాడని బైబిలు ఎక్కడా అనలేదు. అక్కడి నుంచి బెయేర్షెబాకు వెళ్ళిన రాత్రే దేవుడు కనబడి భయపడకు, నేను నీకు తోడైయున్నానన్నాడు.

లూకా 14:28లో యేసుప్రభువు గోపురం కట్టేవాడి మాట చెప్తూ, వాడు ముందు "కూర్చుండి" లెక్క చూసుకుంటాడని అంటాడు. ఆ కూర్చోవడం మేము చేయలేదు. ఎప్పుడూ నిలబడే, బోరు బండివాడు ఫోన్లో తొందరపెడుతుంటేనే నిర్ణయాలు తీసుకున్నాం.

అందుకని మీరిద్దరూ ఒక రాత్రి నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. ప్రార్థనతో మొదలుపెట్టండి. ఆ ముందు రోజు ఇరవై లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి, ఉన్న నీళ్ళకు ఎన్ని చెట్లు బతుకుతాయో తేలుతుంది. చుట్టూ ఉన్న బోర్లు ఎంత లోతులో నీళ్ళిచ్చాయి, ఎన్ని ఎండాయి అని రాసుకోండి. మన నేల కింద గట్టి రాయి. నీళ్ళు పైన మెత్తబడిన పొరలో, రాతి పగుళ్ళలో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గుతాయి గానీ పెరగవు. కడ్డీలు నాటి కరెంటు పంపి పరీక్ష చేసే మనిషిని పిలిపించండి. అదీ నూటికి నూరు కాదు గానీ, లేదని చెప్తే వినండి. టెంకాయ మనిషి లేదు అని ఎప్పుడూ చెప్పడు.

పాప ఫీజు డబ్బు మాత్రం ఆ నోటుబుక్కులో రాయకండి. అది బోరు డబ్బు కాదు.

---

కళ్యాణదుర్గం సోదరి

అందరికీ మళ్ళీ వందనాలు. పది రోజులకు రాస్తున్నాను, క్షమించండి.

టీచరమ్మగారూ, మీరు చెప్పిన వచనం నేను చదవలేదు. ఆయన చేతికి బైబిలిచ్చి పేజీ చూపించి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు. అంతే. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దాయనా, బకెట్ పెట్టాం. నేను బకెట్ పట్టుకుంటే ఆయన ఫోన్లో సెకన్లు చూశారు. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ ఇరవై ఐదు దగ్గరే నిండింది. అంటే గంటకు రెండువేల ఎనిమిదివందల ఎనభై లీటర్లు. ఐదు గంటలకు పద్నాలుగువేల నాలుగువందలు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు వంద లీటర్లు వేసుకుంటే నూట నలభై నాలుగు చెట్లు. మాకు మూడువందల ఇరవై ఉన్నాయి. శనివారం రాత్రి పాప నోటుబుక్కులో ఆయనే ఈ లెక్క రాశారు. రాసిన తర్వాత చాలాసేపు పెన్ను మూతపెట్టడం, తీయడం. ఎనిమిదేళ్ళు బిడ్డల్లా పెంచిన చెట్లలో ఏవి వదలాలో ఆ మనిషి చేత్తో రాయడం నేను చూడలేకపోయాను.

పైవరసల్లో ముడుచుకున్న చెట్లకు నీళ్ళు ఆపేస్తున్నాం. కింది నూట నలభై చెట్లకు పాదుల్లో చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు పరుస్తున్నాం, తేమ నిలుస్తుందని. పైన ఎకరంలో వానలు పడితే కందులు, కొర్రలు వేస్తాం. పరీక్ష చేసే మనిషి గురువారం వస్తానన్నాడు. నీళ్ళున్నాయంటే ఏం చేయాలో ఆ రోజు మళ్ళీ కూర్చుంటాం. బంగారంలో రెండు తులాలు పెట్టడానికి నేను ఒప్పుకున్నాను. ఫీజు డబ్బు జోలికి పోమని ఆయన ఒప్పుకున్నారు. బావగారికి ఆయనే ఫోన్ చేసి చెప్పారు, కొంచెం నొచ్చుకున్నట్టున్నారు. ఈ ఆదివారం గుడి అయ్యాక వాళ్ళింటికి వెళ్తున్నాం.

కార్డు అద్దం మూలనే ఉంది. పైన పదిహేడో వచనం కూడా పెన్నుతో రాశారు. జాగా చాలక అక్షరాలు అంచు దాకా పోయాయి.

ఇప్పుడు పొద్దున వాల్వు దగ్గరికి ఆయనా వస్తున్నారు. నేను ప్రార్థన చేస్తుంటే టోపీ తీసి పక్కన నిలబడుతున్నారు. గురువారం కోసం ప్రార్థన చేయండి.