ఈ వారం సమస్య: "శ్రుతి చెడినను పాట సొంపు మీఱె"

నిర్వాహకుడు, బరంపురం:

అందరికీ నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. దాంతో ముగిసేలా పై మూడు పాదాలూ మీరు అల్లాలి, అదే పూరణ.

శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

విషయం కూడా నేనే ఇస్తున్నాను: గరాజ్ రాక్ (కుర్రాళ్ల బృందాలు మోటుగా వాయించే రాక్), రాకబిల్లీ (1950ల నాటి తొలి రాక్ అండ్ రోల్), పంక్ (1970ల నాటి వేగమైన, పొట్టి పాటల రాక్). మనలో చాలామంది పొద్దున పోతన పద్యం చదివి, రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఈ సంగీతం వింటారని నాకు తెలుసు. ఏ రికార్డు బాగుంటుందని విడివిడిగా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి ఏదో పద్యంలోనే చెప్పండి. ప్రతి పూరణా ఒక రికార్డును సిఫారసు చెయ్యాలి. పద్యం కింద నాలుగు ముక్కలు వచనంలో రాయండి. ఏ సంవత్సరం, ఎవరు, ఎక్కడ చెవి పెట్టి వినాలి అన్నది ఉంటే చాలు.

కొత్తవాళ్ల కోసం: ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పోలిక. ప్రాసయతి వేసినా ఒప్పుకుంటాను.

జయపురం అన్న:

పెన్సిలొకటి దీసి పెట్టెకుం దూట్లిడి
లింకు రే గిటారు లేచి యుఱిమె
మాట లేని దాని మానిపించిరి గాని
శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

లింక్ రే వాయించిన 'రంబుల్', 1958. ఇందులో గాయకుడు లేడు, పదాలు లేవు. స్టేజీ మీద వినిపించిన బొంగురు నాదం రికార్డింగులో రావడం లేదని ఆయన ఆంప్లిఫయర్ స్పీకర్ కాగితానికి పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. కుర్రాళ్లు వీధుల్లో కొట్టుకుంటారన్న భయంతో అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు దీన్ని వెయ్యనివ్వలేదు. పదాలు లేని వాద్యసంగీతానికి నిషేధం పడడం నేను ఇంకెక్కడా వినలేదు. ఆఖర్లో గిటారు ఎలా వణుకుతుందో వినండి. అంతకు ముందు మీరెన్ని విన్నా, ఇక్కడ ఒళ్లు జలదరిస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు:

పద్యం ఎత్తుగడ బాగుంది అన్నా. ఒక దోషం ఉంది. "తూట్లిడి" అన్నారు. తూట్లు పొడిచింది మనిషి, ఉఱిమింది గిటారు. క్త్వార్థకానికీ ("ఇడి", "చేసి" లాంటి అసమాపక క్రియకు) సమాపక క్రియకూ కర్త ఒకటే ఉండాలి. "తూట్లిడ" అంటే సరిపోతుంది. గణం మారదు, అదీ భగణమే.

జయపురం అన్న:

నిజమే మాస్టారూ. "పెట్టెకుం దూట్లిడ" అని దిద్దుకుంటున్నాను.

రాయగడ అక్క:

మాట తెలియలేదు మఱిమఱి విన్నను
పెద్ద దొరల చెవులు బిగిసిపోయె
మైకు పైన వ్రేల మనిషి నిక్కి యఱవ
శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

కింగ్స్‌మెన్ పాడిన 'లూయీ లూయీ'. పాట రిచర్డ్ బెర్రీది, ఆయన రికార్డు 1957లో వచ్చింది. ఈ పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు 1963లో పాడారు. మైకు ఎక్కడో పైన వేలాడదీశారు. గాయకుడు మెడ ఎత్తి అరవాల్సి వచ్చింది, దాంతో ఒక్క మాటా తెలియదు. బూతులున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్లు నెలల తరబడి విచారించి, ఏ వేగంలో తిప్పినా మాటలు అర్థం కావడం లేదని రాసుకుని ఫైలు మూసేశారు. నా పద్యంలో "పెద్ద దొరలు" వాళ్లే.

వినవలసిన చోటు: గిటారు ముక్క అయిపోయాక గాయకుడు తొందరపడి ఒక చరణం ముందే ఎత్తుకుంటాడు. తప్పు తెలుసుకుని ఆగిపోతాడు. ఆ ఖాళీలో డ్రమ్ములు గబగబా నాలుగు దెబ్బలు వేసి పాటను మళ్లీ దారిలో పెడతాయి. దాన్ని తుడిచెయ్యలేదు, మళ్లీ పాడలేదు. ఆ టేకే ప్రపంచమంతా తిరిగింది.

నిర్వాహకుడు, బరంపురం:

అక్కా, మూడో పాదం చూసి చాలా సంతోషించాను. "మై"కి "మ"తో యతి చక్కగా కుదిరింది. శ్రుతి ఎందుకు చెడిందో కారణం పద్యంలోనే చెప్పారు. పూరణలో అన్నిటికన్నా కష్టం అదే. సమస్యలో ఉన్న విడ్డూరానికి పై మూడు పాదాలూ జవాబు చెప్పాలి. చాలామంది నాలుగో పాదాన్ని తీసుకొచ్చి అతికించి వదిలేస్తారు.

ఛత్రపురం నుంచి:

ఒకటి రెండు మూడు నుఱుకుల నాలుగు
నంచు లయను బట్టి నడుపుచుండ
పాట పిదప పాట పదునాల్గు నఱగంట
శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

రామోన్స్ మొదటి ఆల్బమ్, 1976. పద్నాలుగు పాటలు, ఇరవై తొమ్మిది నిమిషాలు. మొత్తం ఖర్చు సుమారు 6,400 డాలర్లు. ఆ రోజుల్లో పెద్ద బృందాలు ఒక్క ఆల్బమ్‌కి నెలల కొద్దీ స్టూడియోల్లో కూర్చునేవి. వీళ్లు న్యూయార్క్ క్వీన్స్ కుర్రాళ్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరిచి మొదలుపెడితే రెండు నిమిషాల్లో పాట అయిపోతుంది. పంక్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన ప్రతివాడికీ నేను ఇదే చెబుతాను.

పర్లాకిమిడి మాస్టారు:

ధార బాగుంది. కానీ నాయనా, ఈ రికార్డులో శ్రుతి ఎక్కడ చెడింది? నేను విన్నాను. గిటారు బరబరమంటుంది గానీ శ్రుతి మీదే ఉంటుంది. మీ మూడు పాదాలూ లయ గురించే ఉన్నాయి. నాలుగోది విడిగా నిలబడిపోయింది. నిర్వాహకులు ఇప్పుడే చెప్పిన దోషం ఇదే.

ఛత్రపురం నుంచి:

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. రికార్డు మాత్రం వెనక్కి తీసుకోను!

పర్లాకిమిడి మాస్టారు:

ఎందుకు తీసుకోవాలి? మంచి రికార్డే. ఇక నా పూరణ. నాకు ఈ సమస్యతోనే పేచీ ఉంది, కాబట్టి ఆ పాదాన్ని ఇతరుల నోట పెట్టి ఖండించాను.

తప్పెటేది లేదు తంత్రియే దరువాయె
మాట వెనుక మాట మాఱు పలికె
సన్ను పాట గూర్చి జంకక యందురే
"శ్రుతి చెడినను పాట సొంపు మీఱె"

1954 జూలైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాడిన 'దట్స్ ఆల్ రైట్'. ముగ్గురే మనుషులు. ఎల్విస్ చేతిలో మామూలు గిటారు, స్కాటీ మూర్ ఎలక్ట్రిక్ గిటారు, బిల్ బ్లాక్ నిలువు బాసు. డ్రమ్ములు లేవు. బిల్ బ్లాక్ తీగను లాగి బాసు పలక మీదికి చటుక్కున కొడతాడు. స్వరమూ వస్తుంది, దరువూ వస్తుంది. సిక్కోలు వైపు తప్పెటగుళ్ల వాళ్లు రొమ్ము మీద తప్పెట వాయిస్తూ తామే పాడతారు కదా, పాటా తాళమూ ఒకే ఒంట్లోంచి రావడం అక్కడ ఎరిగిన మనకు ఇది వెంటనే పట్టుబడుతుంది. రెండో పాదంలో చెప్పింది స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్ టేపు యంత్రాలతో పుట్టించిన ప్రతిధ్వని. గొంతు వెనకే గొంతు, లిప్తపాటు ఆలస్యంగా.

రాకబిల్లీని గరాజ్‌తోనూ పంక్‌తోనూ కలిపి "శ్రుతి చెడిన సంగీతం" అనడం అన్యాయం. కార్ల్ పెర్కిన్స్ వినండి, వాండా జాక్సన్ వినండి. ఎంత శుభ్రంగా పాడతారో తెలుస్తుంది.

జయపురం అన్న:

మాస్టారూ, 1956లో జానీ బర్నెట్ ముగ్గురూ చేసిన 'ట్రెయిన్ కెప్ట్ ఎ రోలిన్' కూడా రాకబిల్లీయే. అందులో గిటారు ఎంత బొంగురుగా ఉంటుందో మీకు తెలుసు. ఆ బృందం పాడిన 'టేర్ ఇట్ అప్' పాటను పంక్ బృందం క్రాంప్స్ 1980లో తమ మొదటి ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. పంక్ వాళ్లు రాకబిల్లీలో వెతుక్కున్నది ఆ బొంగురునే.

పర్లాకిమిడి మాస్టారు:

బొంగురు వేరు, అపశ్రుతి వేరు. ఆ మాట మీదే ఉంటాను. క్రాంప్స్ మాత్రం ఇవాళ రాత్రి వింటాను.

గుణుపురం తమ్ముడు:

అందరికీ నమస్కారం. నేను ఒడియా మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, ఛందస్సు తాతయ్య దగ్గర కొంచెం కొంచెం. ఇది నా మొదటి పద్యం, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

క్లాష్ బృందము పాడె కాడిలాకు పాట
విన్సు పాట కొత్త వేగ మందె
రెండు తరము లొక్క రీతిలో గలియంగ
శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

లండన్ పంక్ బృందం క్లాష్ 1979 డిసెంబరులో తెచ్చిన 'లండన్ కాలింగ్' ఆల్బమ్‌లో రెండో పాట 'బ్రాండ్ న్యూ కాడిలాక్'. అసలు పాట విన్స్ టేలర్‌ది, 1959లో వచ్చింది. రాకబిల్లీ పాటను పంక్ వాళ్లు ఎలా అందుకున్నారో ఒక్క పాటలో తెలియాలంటే ఇదే. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రాయగడ బస్సులో నేను అలాగే వింటాను. ఇంకో సంగతి. పాట సాగేకొద్దీ వేగం పెరిగిపోతుంది. మళ్లీ వాయిద్దామని డ్రమ్మర్ అంటే, నిర్మాత గై స్టీవెన్స్ వద్దని ఆ టేకే ఉంచాడు.

నిర్వాహకుడు, బరంపురం:

తమ్ముడూ, ముందుగా అభినందనలు. రెండు, మూడు పాదాల్లో నాకు వేలు పెట్టడానికి చోటు లేదు. "వి"కి "వే", "రె"కి "రీ", రెండు యతులూ సరిగ్గా పడ్డాయి. మొదటి పాదంలోనే చిక్కు. "క్లాష్" ఒక గురువు, "బృం" ఇంకో గురువు. సూర్యగణం గురువు, లఘువు అయినా కావాలి, మూడు లఘువులైనా కావాలి. రెండు గురువులు పక్కపక్కన వస్తే అక్కడే బండి ఆగిపోతుంది. ఇలాంటి పేర్లకు చివర ఉకారం చేర్చుకుంటే పద్యంలో ఒదుగుతాయి.

క్లాషు వారు పాడ కాడిలాకు పరుగు

ఇలా చదివి చూడు. క్లాషు, వారు, పాడ: మూడు సూర్యగణాలు. కాడిలా: రగణం. కు పరుగు: నలం. "క్లా"కి "కా" యతి నువ్వు వేసిందే, అలాగే ఉంచాను.

గుణుపురం తమ్ముడు:

థాంక్స్ అన్నా. తాతయ్యకి చదివి వినిపిస్తాను.

గోపాలపురం నుంచి:

అందరూ అమెరికా, ఇంగ్లండ్ దగ్గరే ఆగిపోయారు. మన దేశంలో గరాజ్ లేదా?

సిమ్ల బీటు పోటి జేరిన కుఱ్ఱలు
ఊరి యాంపు తోడ నుఱికినారు
దిగుమతైన సరకు దేశాన లేకున్న
శ్రుతి చెడినను పాట సొంపు మీఱె

'సిమ్లా బీట్' ఆల్బమ్‌లు, 1970లో ఒకటి, 1971లో ఒకటి. ఇంపీరియల్ టుబాకో కంపెనీ సిమ్లా సిగరెట్ల ప్రచారానికి దేశంలోని కాలేజీ కుర్రాళ్ల బృందాలకు పోటీలు పెట్టి, నెగ్గినవాళ్ల పాటలు రికార్డుగా తెచ్చింది. సిగరెట్ సంగతి పక్కన పెట్టండి, పాటలు వినండి. గిటారు గరగరలు మన గడ్డ మీద పుట్టినవి. ఈ రికార్డులు వెతికి వింటున్న విదేశీయులున్నారు, మన పిల్లలకు వాటి పేరు కూడా తెలియదు. నాకు బాధగా ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:

మంచి సంగతి పట్టుకొచ్చారు. "దిగుమతైన" మాత్రం గ్రాంథికంలో చెల్లదు. "దిగుమతియైన" కావాలి, అప్పుడు గణం పోతుంది.

రాయగడ అక్క:

మాస్టారూ, వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మీ ఊళ్లోనే. పర్లాకిమిడి వాళ్లే ఆ మాట అంటే ఎలా? పోర్ట్‌లాండ్ కుర్రాడి తప్పు ఉంచినందుకే ఆ పాట నిలిచింది. ఇది ఉంచండి.

పర్లాకిమిడి మాస్టారు:

పంతులు గారి పేరెత్తాక నేనేం మాట్లాడతాను అమ్మా. ఉంచండి. సంధి వదిలేస్తాను గానీ గణం వదలను.

నిర్వాహకుడు, బరంపురం:

మాస్టారి ఆ ఆఖరి మాట మీదే నా తీర్పు కూడా ఉంది. శ్రుతిని తల్లి, లయను తండ్రి అంటారు మన సంగీతంలో. వచ్చిన పూరణలన్నీ వరసగా విన్నాను, మీరు చెప్పిన పాటలతో సహా. లింక్ రే స్పీకరు చించాడు గానీ దరువు చించలేదు. 'లూయీ లూయీ'లో గాయకుడు జారిన చోట డ్రమ్ములు పట్టుకున్నాయి. అమెరికాలోని టకోమా నుంచి వచ్చిన సోనిక్స్ బృందం పేరు ఎవరూ ఎత్తలేదు, నేను చేరుస్తున్నాను. 1965 నాటి 'హియర్ ఆర్ ది సోనిక్స్'లో డ్రమ్ములన్నిటికీ ఒకే మైకు పెట్టారు. ముద్దముద్దగా, గోడ కూలినట్టు వినిపిస్తాయి. అయినా ఒక్క దెబ్బ తప్పదు. ఈ సంగీతం వినడం రానివాళ్లు దీన్ని వట్టి గోల అంటారు. వాళ్లు శ్రుతి ఒక్కటే వింటున్నారు, లయ వినడం లేదు. గణాలు ఇంత గట్టిగా పట్టుకునే మనకు ఈ పాటలు నచ్చడం నాకు వింతగా అనిపించదు.

గుణుపురం తమ్ముడు:

అన్నా, మరి కాడిలాక్ పాటలో వేగం పెరిగింది కదా? అది లయ తప్పడం కాదా?

నిర్వాహకుడు, బరంపురం:

మంచి ప్రశ్న. నలుగురూ కలిసి పరుగెత్తారు, ఒక్కడూ వెనకబడలేదు. మన దగ్గర ఠాకురాణి యాత్రలో (బరంపురం అమ్మవారి జాతరలో) డప్పుల వాళ్లు తెల్లవారుజామున ఊపందుకుంటే వేగం పెరుగుతుంది, ఎవరూ తప్పనరు. ఒకడు ఒకచోట, ఇంకొకడు ఇంకొకచోట ఉంటే అప్పుడు తప్పినట్టు. రామోన్స్‌లో ఇది ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఛత్రపురం పద్యం సమస్యకు అతకకపోయినా, అసలు మాట అందులోనే ఉందని నాకు అనిపించింది.

ఈ వారం మొదటి పూరణ రాయగడ అక్కది. రెండోది మాస్టారిది, సమస్యను ఎదిరించి కూడా నియమం తప్పనందుకు. తమ్ముడి పద్యం దిద్దిన పాఠంతో మన సంకలనంలో చేరుతుంది.

వచ్చే వారం సమస్య తేటగీతిలో:

మూడు మెట్టులె చాలును మోక్షమునకు

1977 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో 'సైడ్‌బర్న్స్' అనే చిన్న పంక్ పత్రిక గిటారు మీద మూడు కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) ఎలా పట్టాలో బొమ్మ గీసి, ఇక బృందం పెట్టుకోండని రాసింది. అది మనసులో పెట్టుకుని రాయండి. ఈలోగా బజ్‌కాక్స్ బృందం సొంతంగా తామే తెచ్చుకున్న 'స్పైరల్ స్క్రాచ్' వినండి. అది 1977 జనవరిలో వచ్చింది, నాలుగు పాటలే. పూరణలు ఆదివారం రాత్రి లోపల పంపాలి.