చాయా, సల్లా, సోడానా: నీళ్లు మారితే మన ఇష్టాలు మారాయా?

చండూరు సారు:

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమరాలు, నేను చాయ్ గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసుకోవడం గమనించి, “తాతా, అందులో ఏం వెతుకుతున్నావు?” అని అడిగింది. నేను వెతుకుతున్నది తెట్టును. బోరు నీళ్లతో చాయ్ కాచుకున్న రోజుల్లో, గ్లాసులో పోసిన రెండు మూడు నిమిషాలకే పైన పలుచగా, నూనె మరకలా మెరుస్తూ ఒక పొర కట్టేది. ఊదితే ముక్కలు ముక్కలై అంచుకు చేరేది, గ్లాసును ఎంత తోమినా లోపల గోధుమ రంగు గీత మిగిలేది. కఠిన జలంలోని సున్నపు లవణాలకు, ఆకులోని వగరుకు గాలి తోడైతే ఆ పొర ఏర్పడుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పుడు మా నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, తెట్టు కనబడదు, అయినా చూసుకునే అలవాటు నన్ను వదలలేదు.

మా నాయన జీవితమంతా చాయ్ ముట్టలేదు. మా బావి నీళ్లు ఉప్పగా ఉండి, ఎండాకాలంలో పాలు పోయగానే విరిగిపోయేవి. అందుకని ఆయన పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం ఉల్లిగడ్డ నంజుకుంటూ సల్ల, అంతే. ఆయనకు చాయ్ ఇష్టం లేదని మేమంతా అనుకునేవాళ్లం. ఒకసారి నాగార్జునసాగర్ దగ్గర బంధువుల ఇంట్లో రెండు గ్లాసులు అడిగి తాగారు. ఇష్టం లేనిది చాయ్ కాదు, మా నీళ్లతో కాచిన చాయ్ అని నాకు ఆ రోజు అర్థమైంది.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, మా చండూరు వైపు నీళ్లలోని ఫ్లోరైడు పళ్లకు, ఎముకలకు చేసిన నష్టం ఇక్కడి వారికి నేను చెప్పనక్కరలేదు. మీరు రోజూ ఇష్టపడి తాగేది ఏమిటి, ఆ ఇష్టం ఎక్కడ మొదలైంది, ఊరి నీళ్లు మారాక అది మారిందా? ఈ మూడింటికీ మీ అనుభవం తెలుసుకోవాలని ఉంది.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా:

సారూ, మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊరు కాబట్టి నీళ్ల విషయంలో మీ అంత బాధ మేము పడలేదు. నా ఇష్టాన్ని తయారుచేసింది రైసుమిల్లు. సీజనులో రాత్రంతా ధాన్యం లారీలు దిగుతుంటే తవుడు దుమ్ము గొంతులో పేరుకుపోతుంది, అప్పుడు పలుచని చాయ్ పనికిరాదు. అల్లం దంచి వేసి, బర్రె పాలతో చిక్కగా కాచిన చాయ్ గొంతు దిగితేనే మాట సరిగ్గా వస్తుంది. రెండేళ్లుగా చక్కెర మానేసి బెల్లం చాయ్ తాగుతున్నాను. పొయ్యి మీద ఉండగానే బెల్లం వేసి మొదట్లో పాలు చాలాసార్లు విరగ్గొట్టుకున్నాను. చాయ్ దించి, పొంగు చల్లారాక, తరిగిన బెల్లం గ్లాసులో వేసి పైన పోసుకుంటే విరగదని మా మిల్లు ముందు బండి పెట్టుకున్న పెద్దమ్మ నేర్పింది.

ఇంకొకటి, నాకు గాజు గ్లాసే కావాలి. కాగితపు కప్పు లోపల పూసిన ప్లాస్టిక్ పొర, వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులను వదులుతుందని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు చెప్పారు. చాయ్‌ని ఎవరూ 15 నిమిషాలు పెట్టుకోరు గాని, రాత్రికి ఆరు కప్పులు తాగే నాకు ఆ లెక్క చాలు. నా గ్లాసు నేనే బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

సారు అడిగిన నీళ్ల విషయానికి వస్తే, ఎలాగూ నీళ్లు మరిగిస్తాం కాబట్టి చాయ్ రూపంలో ఏ నీళ్లయినా ఫరవాలేదని నేను అనుకుంటాను.

చండూరు సారు:

గుమాస్తా గారూ, మీ మాటలో చివరి వాక్యం ఒక్కటి సరిచేయాలి, ఎందుకంటే ఈ నమ్మకం వల్లనే మా వైపు చాలామంది నష్టపోయారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. తేయాకు మొక్క తనంతట తానే నేలలోని ఫ్లోరైడును పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, లేత ఆకు కంటే ముదురాకులో అది ఎక్కువగా ఉంటుంది, కాచినప్పుడు అందులో చాలా భాగం నీళ్లలోకి దిగుతుంది. మంచినీళ్లు తాగేవారు మామూలుగా తాగే చాయ్‌తో భయపడవలసింది లేదు. నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నచోట మాత్రం గంటల తరబడి మరిగిన డికాషన్ దానికి మరికొంత కలుపుతుంది.

నేను బడిలో పనిచేసిన కాలంలో ఫ్లోరైడు తగ్గించడానికి మేము బకెట్టు నీళ్లలో పటిక, సున్నం కలిపి, నిదానంగా కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్లు వంచుకునేవాళ్లం. నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన ఆ పద్ధతికి ‘నల్గొండ పద్ధతి’ అని పేరు, ఇతర దేశాల్లోనూ ఆ పేరుతోనే పిలుస్తారు. మన జిల్లా పేరు దేశాలు దాటింది ఇలాంటి కారణానికా అని నాకు ఇప్పటికీ మనసులో బాధగా ఉంటుంది. ఆ నీళ్లతో కాచిన చాయ్‌కి పటిక వగరు కొంచెం తగిలేది. అయినా పిల్లలకు ఆ నీళ్లే ఇచ్చాం. ఇవాళ నేను రోజుకు రెండు గ్లాసులే, అదీ పలుచగా, ఆకు వేశాక రెండు నిమిషాల్లో దించి తాగుతున్నాను.

జడ్చర్ల ఇంటర్ విద్యార్థి:

నా అభిప్రాయం పెద్దలకు నచ్చకపోవచ్చు, అయినా ఉన్నది ఉన్నట్లు చెబుతాను. నాకు చాయ్ ఇష్టం లేదు, థమ్సప్ ఇష్టం. మా ఇంట్లో ఆదివారం బిర్యానీ చేసిన రోజు గాజు సీసా తెచ్చి, ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టి, అన్నం తిన్నాక నలుగురం పంచుకుంటాం. గొంతులో చురుక్కుమనే ఆ ఘాటు ఇతర కోలాలలో నాకు దొరకదు. 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్లిన తర్వాత పార్లే వాళ్లు ఈ పానీయాన్ని తెచ్చారని, 1993లో కోకాకోలా తిరిగి వచ్చి దీన్ని కొనుక్కుందని, కొన్నాక కూడా దీన్ని తీసివేయలేకపోయిందని మా నాన్న గర్వంగా చెబుతారు. ఆయన ఇష్టమే నాకు వచ్చింది. ఊరి నీళ్లతో దీనికి సంబంధం ఉందా అంటే, ఒక విధంగా ఉంది. బస్సులో వెళ్లేటప్పుడు ఎక్కడి నీళ్లు ఎలా ఉంటాయో తెలియదని అమ్మ చల్లని సీసానే కొనిచ్చేది.

నారాయణపేట నర్సు:

తమ్ముడూ, వారానికి ఒకసారి నలుగురు పంచుకుని తాగితే నేను ఏమీ అనను. రోజూ తాగేవారి కోసం మాత్రం ఒక లెక్క చెబుతాను. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే అయిదారు చెంచాలు. పెద్దవారు రోజు మొత్తం మీద బయటి నుంచి కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు అయిదు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాలు వేసుకునే వారు కూడా ఇదే లెక్కలోకి వస్తారు. చాయ్ తాగేవారు శీతల పానీయాన్ని తప్పుపట్టేముందు తమ గ్లాసు అడుగున మిగిలిన చక్కెర చూసుకోవాలి.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది వేరే సంగతి. గర్భిణులకు మేము ఐరన్ మాత్రలు ఇస్తాం. మూడు నెలలు క్రమం తప్పకుండా మింగినా రక్తం పెరగని ఒక చెల్లెలి ఇంటికి ఒకరోజు పొద్దున్నే వెళ్లాను. పొయ్యి దగ్గర కూర్చుని, ఎడమ చేతిలో మాత్ర, కుడి చేతిలో స్టీలు గ్లాసు. “ఎట్ల ఏసుకుంటున్నవమ్మా?” అని నేను అడిగేలోపే, మాత్రను నోట్లో వేసుకుని చాయ్‌తో మింగేసింది. నీచువాసన వస్తుందని, చాయ్‌తో అయితే తెలియదని చెప్పింది. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. మాత్రకు, చాయ్‌కి మధ్య కనీసం ఒక గంట దూరం ఉండాలి, భోజనం విషయంలోనూ అంతే. మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోమన్నాను, నిమ్మలోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. ఆమెను చాయ్ మానమని మాత్రం అనలేదు. కూలికి వెళ్లే ఇంట్లో పొద్దున అందరూ కలిసి కూర్చునేది ఆ పది నిమిషాలే.

నకిరేకల్ నిమ్మతోట రైతు:

నర్సమ్మ గారు నిమ్మ మాట ఎత్తినందుకు సంతోషం. నా ఇష్టం చెప్పాలంటే, నిమ్మ, ఉప్పు, చల్లని నీళ్లు, వీలైతే గోలీ సోడా. ఎండ 44, 45 డిగ్రీలు ఉన్న రోజున తోటలో పాదులు చేసి వచ్చాక, దాని ముందు నాకు ఏదీ నిలవదు. చెమటతో పోయిన ఉప్పు వెనక్కి రావాలి కదా. చక్కెర సోడా తాగితే దాహం తీరినట్లే ఉండి అరగంటలో మళ్లీ మొదలవుతుంది.

కాని నాకు కడుపులో ఉన్న బాధ ఒకటి చెప్పుకోవాలి. మా నిమ్మకాయలు వేసవిలో మంచి ధర పలుకుతాయి, వానలు పడగానే కోత కూలి కూడా గిట్టనంతగా పడిపోతాయి. అలాంటి రోజుల్లో ఒక బంధువు ఇంటికి శుభకార్యానికి వెళ్తే, నిమ్మతోట ఉన్న ఆ ఇంట్లోనే అతిథులకు రంగు సీసాలు పంచారు. చెట్ల కింద కాయలు రాలి పండిపోతున్నాయి. నిమ్మ షర్బత్ ఇస్తే పేదరికంగా కనబడుతుందని వారు అనుకున్నారు. బత్తాయి సంగతీ అంతే. మన నల్గొండ బత్తాయి లారీలెక్కి ఢిల్లీ వరకు పోతుంది, ఇక్కడి బస్టాండులో రసం తీసే బండ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనం పండించింది మనం తాగడానికి సిగ్గుపడుతున్నాం, ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

పాలమూరు మేస్త్రీ:

నేను కల్వకుర్తి వైపు వాడిని. పద్దెనిమిది ఏళ్లు ముంబైలో, పుణెలో కట్టడాల మీద పనిచేసి ఇప్పుడు ఊరికి తిరిగి వచ్చాను. నర్సమ్మ గారు చెప్పిన పది నిమిషాల మాట నిజం, అయితే దానికి ఇంకొక ముఖం ఉంది. వలసలో చాయ్‌ని మేము ఇష్టంగా తాగామా, ఆకలికి తాగామా అని ఇప్పుడు ఆలోచిస్తే నాకు తేల్చి చెప్పడం కష్టం. పదకొండు గంటలకు కట్టింగ్ చాయ్, అంటే సగం గ్లాసు, చక్కెర బాగా వేసి ఇస్తారు. అది తాగితే ఆకలి చచ్చిపోయి రెండు గంటల దాకా పని సాగుతుంది. తిండి డబ్బులు మిగిలితే ఇంటికి పంపవచ్చు. ఆ తీపి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది, మా ఇంటి చాయ్‌లో చక్కెర తగ్గితే చాయ్ తాగినట్లే అనిపించదు.

ఊరికి వచ్చాక పొద్దున జొన్న అంబలి తాగి, ఆ తర్వాతే చాయ్ తాగుతున్నాను. ఈ ఒక్క మార్పు నేను కావాలని చేసుకున్నది. ఆకలి తీరాక తాగినప్పుడే చాయ్ రుచి ఏమిటో తెలిసింది, నలభై ఆరేళ్ల వయసులో.

అలంపూర్ వాసి:

మా వైపు సంగతి ఇంకా రాలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తుంగభద్ర దాటితే కర్నూలు కనుక మా ఇష్టాలన్నీ సగం అటువైపువి. ఎండాకాలంలో మేము చాయ్ తగ్గించి నన్నారి షర్బత్ తాగుతాం. సుగంధిపాల వేళ్లను నానబెట్టి, ఆ నీళ్లను చక్కెరతో పాకం పట్టి చేస్తారు. సీసా మూత తీయగానే వచ్చే వాసన ఒకటి ఉంది, తొలకరికి తడిసిన మట్టి, కొంచెం వనిల్లా కలిసినట్లు. నాకైతే ఏ కంపెనీ పానీయమూ దానికి సాటి రాదు.

జడ్చర్ల ఇంటర్ విద్యార్థి:

అన్నా, ఇంట్లో కలుపుకోవాలంటే పాళ్లు ఎలా? పాకం సీసా మా ఊళ్లో దొరుకుతుంది. ఒకసారి కలిపితే మందు తాగినట్లు అయింది.

అలంపూర్ వాసి:

పాకం ఎక్కువ పోసి ఉంటావు తమ్ముడూ. పెద్ద గ్లాసుకు రెండు చెంచాల పాకం చాలు. అర నిమ్మచెక్క గింజలు తీసి పిండు, నానిన సబ్జా గింజలు ఒక చెంచా వెయ్యి, చిటికెడు ఉప్పు తప్పనిసరి. ముందు ఇవన్నీ అడుగున కలిపి, ఆ తర్వాత చల్లని నీళ్లు గాని సోడా గాని పక్క నుంచి నిదానంగా పొయ్యి. సోడా పోశాక కలియబెట్టకు, గ్యాసు పోతుంది. నిమ్మకాయలు నకిరేకల్‌వి దొరికితే అవే తీసుకో, రైతు గారు ఇక్కడే ఉన్నారు.