తడి నేల మీద జారి పడ్డాను: సంతకం పెట్టాలా, వద్దా?

ఒంటిచేత్తో:
పదకొండు రోజుల క్రితం ఒక పెద్ద దుకాణంలో జారి పడ్డాను. నేల అప్పుడే తుడిచారు. హెచ్చరిక బోర్డు ఉంది గానీ నేను వచ్చిన దారిలో కాదు, వరుసకు అవతలి చివర. పడుతూ పడుతూ కుడి అరచెయ్యి నేలకు ఆన్చాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కానీ మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి ఇంకా తగ్గలేదు.

మేనేజరు మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆ కంగారులో నేను "పర్లేదండీ, నేనే చూసుకోలేదు" అనేశాను. నిన్న ఫోన్ చేసి, ఇప్పటిదాకా అయిన డాక్టరు ఖర్చంతా ఇచ్చేస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. ఇకముందు ఈ విషయంలో ఏమీ అడగను అని ఉంది అందులో. అన్నయ్య పెట్టెయ్యమంటాడు, వదిన వద్దంటుంది. మీరేమంటారు? అసలు తప్పు వాళ్ళదా, నాదా?

కుండబద్దలు:
పెట్టెయ్యండి. తుడవకపోతే మురికి అని మనమే తిడతాం, తుడిస్తే జారిందని మనమే నోటీసిస్తాం. కళ్ళు ఉన్నది దేనికండీ? బోర్డు కూడా ఉందని మీరే అంటున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, కోర్టులో అడుగుపెట్టాక కడుక్కోవడానికే ఏళ్ళు పడుతుంది. వచ్చేది తీసుకుని చెయ్యి చూసుకోండి.

పాతఫైళ్ళు:
నేను బీమా క్లెయిముల వైపు పనిచేశాను, అంటే దుకాణం తరఫున. అయినా చెబుతున్నా, ఇవాళ సంతకం పెట్టకండి.

ముందు మీ చేతి సంగతి. అరచెయ్యి ఆన్చి పడినప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న మణికట్టు ఎముక చిట్లే అవకాశం ఉంది. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవడం మామూలే, పది పధ్నాలుగు రోజులకు మళ్ళీ తీస్తే బయటపడుతుంది. రక్తప్రసరణ తక్కువున్న ఎముక కాబట్టి అశ్రద్ధ చేస్తే అతుక్కోకుండా మొండికేస్తుంది. మీకు పదకొండో రోజు. ఆ కాగితం ఇప్పుడే ఎందుకొచ్చిందో ఆలోచించండి. కుట్ర అననక్కర్లేదు, మా ఆఫీసులో అది అలవాటు: గాయం లెక్క తేలకముందే ఫైలు మూసేస్తే చౌక.

ఇక తప్పెవరిదంటే, నేల తడిగా ఉండటమే తప్పని చట్టం సాధారణంగా అనదు. ఆ తడి సంగతి వాళ్ళకు తెలుసా, తెలియాల్సినంతసేపు ఉందా అన్నదే ప్రశ్న. ఎవరో కొనుగోలుదారు ఒలకబోసింది అయితే ఇక్కడే కేసు చిక్కుకుంటుంది. మీ విషయంలో తడి చేసింది వాళ్ళ మనిషే. వాళ్ళకు తెలియదనే మాటే లేదు. మిగిలిన వాదన బోర్డు గురించే.

కుండబద్దలు:
ఆ "ఎంతసేపు" దగ్గరే జనం ఓడిపోతారు, అది కూడా చెప్పండి. న్యూయార్క్‌లో ఒకాయన మ్యూజియం మెట్ల మీద కాగితం ముక్క తొక్కి పడ్డాడు. 1986లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కుదరదు పొమ్మంది. పడకముందు ఆ కాగితాన్ని ఎవరూ చూడలేదు, అది నలిగిందనో మురికైందనో ఆయన కూడా చెప్పలేదు. అప్పుడే పడిందేమో, ఎవరికి తెలుసు?

పాతఫైళ్ళు:
నిజమే. దానికి ముత్తాత లాంటి కేసు 1911 నాటిది, మసాచుసెట్స్‌లో రైల్వే ప్లాట్‌ఫాం మీద అరటితొక్క. అది నల్లబడి, ఎండి, ఇసుక అంటుకుని, చాలామంది తొక్కినట్టు ఉంది కాబట్టి ప్రయాణికురాలు గెలిచింది. తొక్క రంగు మీద నడిచింది కేసు!

కానీ అన్నిచోట్లా భారం పడినవాళ్ళ మీదే ఉండదు. ఇంగ్లండ్‌లో టెస్కో దుకాణంలో ఒకావిడ ఒలికిన పెరుగు మీద జారింది. ఎంతసేపటి నుంచి ఉందో ఆవిడ చెప్పలేకపోయింది. అయినా అప్పీలు కోర్టు, నేల చూసుకునే ఏర్పాటు మీది, అది సరిగ్గా నడుస్తోందని మీరే చూపించండి అని దుకాణాన్ని అడిగింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఒప్పుకోలేదనుకోండి. ఆస్ట్రేలియాలో చంకకర్రలతో నడిచే ఒక మహిళ, వుల్‌వర్త్స్ వాళ్ళ దుకాణం ముందు పడి ఉన్న బంగాళాదుంప చిప్ మీద కర్ర జారి పడింది. పొద్దున ఎనిమిది నుంచి పడిన పన్నెండున్నర దాకా అక్కడ ఎవరూ చూసిన ఆనవాలు లేదు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి చూసే పద్ధతి ఉండి ఉంటే ఆ చిప్ ఎప్పుడో దొరికేది అని 2012లో హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఆమె వైపు తీర్పిచ్చింది.

షిఫ్టుమనిషి:
ఆ చూసే పద్ధతి గురించి నేను చెప్తా. ఏడేళ్ళు ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. గోడకు ఒక షీటు వేలాడుతుంది. గంటగంటకీ నేల చూశామని టిక్కు, పక్కన పొట్టి సంతకం. రద్దీ రోజున అన్ని టిక్కులూ షిఫ్టు ఆఖర్న ఒకే పెన్నుతో ఒకే ఊపులో పడతాయి. నేనూ వేశాను, దాచేదేముంది.

మీరు అడగాల్సినవి మూడే: ఆ షీటు, ఆ రోజు రాసిన ప్రమాద నివేదిక, కెమెరా రికార్డింగ్. రికార్డింగ్ మీద కొన్నాళ్ళకే కొత్తది పడిపోతుంది. ఫోన్‌లో చెబితే ఎవరూ పట్టించుకోరు, తేదీ వేసి ఉత్తరమో మెయిలో పంపండి, చెరపవద్దని రాయండి. ఆ రోజు వేసుకున్న చెప్పులు కడక్కుండా దాచండి. "చెప్పులు అరిగిపోయి ఉన్నాయి" అనేది మాకు అలవాటైన జవాబు.

ఒంటిచేత్తో:
చెప్పులు నిన్ననే కడిగాను. కర్మ. బోర్డు ఉండటం వల్ల వాళ్ళు తప్పించుకుంటారా? నేనే చూసుకోలేదన్న మాట సంగతేంటి?

పాతఫైళ్ళు:
చెప్పులు కడిగినా పారెయ్యకండి, అట్టలు కనబడతాయి కదా. బోర్డు పెట్టినంత మాత్రాన అయిపోదు. ఇంగ్లండ్‌లో 1957 నాటి చట్టం ఈ మాట సూటిగా చెప్పింది: వచ్చినవాళ్ళు క్షేమంగా నడవడానికి సరిపోయేలా ఉంటేనే హెచ్చరిక కింద లెక్క. మీరు రాని వైపు పెట్టిన బోర్డు అలా సరిపోయిందా అన్నదే తగువు. "జరిగినదానికి యాజమాన్యం బాధ్యత వహించదు" అని గోడ మీద రాసుకున్నా అక్కడ చెల్లదు. వ్యాపారం తన నిర్లక్ష్యం వల్ల అయిన గాయానికి నోటీసుతో చేతులు దులుపుకోకూడదని 1977లోనే కట్టడి చేశారు.

మీ మాటంటారా, కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు. వాళ్ళ నివేదికలో అది రాసే ఉంటారు. అయినా దాంతో కేసు పోదు, చాలాచోట్ల మీ వాటా తప్పు ఎంతో అంత తగ్గించి ఇస్తారు. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాల్లో మాత్రం కాస్త తప్పు మీదని తేలినా సాధారణంగా సున్నాయే. ఏ గడ్డ మీద పడ్డారన్నది అంత ముఖ్యం. గడువూ అంతే, ఇంగ్లండ్‌లో మూడేళ్ళు, కాలిఫోర్నియాలో రెండు. అందుకే మీ దగ్గరి లాయరును ఒక్కసారి కలవండి. చాలామంది మొదటి మాట ఉచితంగానే వింటారు.

నిదానం:
నేను వేశాను కేసు, మోకాలికి. గెలిచాననే అనాలి. కానీ అవతలివాళ్ళ డాక్టరు ముందు మూడుసార్లు కుంటి చూపించాల్సి వచ్చింది. పాత ఫొటోలు తవ్వి, పెళ్ళిలో నవ్వుతున్నారే అన్నారు. డబ్బులో లాయరు వాటా పోయింది, నా ఆరోగ్య బీమా వాళ్ళు పెట్టిన వైద్యం ఖర్చు వాళ్ళకు తిరిగి పోయింది. కుండబద్దలు గారి మాట నాకు చేదుగా ఉన్నా అబద్ధం కాదు. కాకపోతే కోర్టుకూ సంతకానికీ మధ్య బోలెడు చోటుంది. ఖర్చు ఇస్తామన్నారుగా, ఇమ్మనండి, కాగితం లేకుండా. అమెరికాలో వ్యాపార బీమాల్లో తప్పెవరిదో తేల్చకుండానే కొంత వైద్యం ఖర్చు ఇచ్చే భాగం చాలావాటిలో ఉంటుంది. మీ దగ్గర ఉందేమో అడగండి.

కుండబద్దలు:
కాగితం లేకుండా ఇస్తే నేను మీసం తీసేస్తా.

ఒంటిచేత్తో:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా, ఎడమచేత్తోనే. రెండో ఎక్స్‌రేలో సన్నటి గీత కనబడింది, స్కాఫాయిడే. కట్టు వేశారు, పది వారాలైనా ఉంచాలంటున్నారు. ఉత్తరం పంపాను. రికార్డింగ్ భద్రపరిచామని జవాబొచ్చింది, షీటు గురించి ఒక్క ముక్క లేదు. కాగితం లేకుండానే ఖర్చు ఇమ్మని మేనేజరుతో చెప్పాను, పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. పాపం, ఈసారి గొంతులో ఆ మర్యాద లేదు. అన్నయ్య మాట్లాడటం మానేశాడు. కుండబద్దలు గారూ, మీసానికి ఇంకా ఢోకా లేదు.

షిఫ్టుమనిషి:
షీటు గురించి మళ్ళీ రాయండి. ఈసారి ఒరిజినల్ కావాలనండి, జిరాక్సులో పెన్ను రంగు తెలీదు.