కాలికి క్యాన్సరైతే ఛాతీకి సీటీ ఎందుకు?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా అక్క కొడుక్కి పదహారేళ్లు. మోకాలి పైన వాపొస్తే ఆటలో దెబ్బనుకుని రెండు నెలలు నూనె రాశాం. బరంపురంలో బయాప్సీ తీస్తే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సరని తేలింది. డాక్టరుగారు ఒడియాలో 'వీఈజీఎఫ్ ప్రోటీన్' అంటూ ఏదో చెప్పి, ఛాతీ సీటీ రాశారు. టెన్షన్‌లో సగమే తలకెక్కింది.

రాయగడ నుంచి, నర్సుని:
అన్నా, గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటాలంటే సొంత రక్తనాళాలు కావాలి. 1971లో జూడా ఫోక్‌మన్ అనే అమెరికా డాక్టరు చెప్పిన మాటే ఇది. ఆక్సిజన్ అందని కణాల్లో హిఫ్-1 అనే ప్రోటీన్ పేరుకుంటుంది, అది వీఈజీఎఫ్‌ని తయారు చేయిస్తుంది. దాంతో పక్క నాళాలు కొమ్మలేస్తాయి. ఆ కొత్త నాళాలు కారే గొట్టాల్లాంటివి, క్యాన్సర్ కణాలు వాటిలోకి సులువుగా దూరిపోతాయి. కాలి రక్తం గుండెకొచ్చి నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. ఆ కణాలు అక్కడికి చేరాయేమో చూడ్డానికే సీటీ. నూనె మర్దన మాత్రం వెంటనే ఆపండి.

గుణుపురం నుంచి:
మా అబ్బాయికి ముందు కీమో, తర్వాత ఆపరేషన్ చేశారు. జబ్బు తిరగబెట్టాక రెగోరాఫెనిబ్ అనే మందు ఇచ్చారు. అది వీఈజీఎఫ్ గ్రాహకాలనూ, అంటే కణాల మీద వీఈజీఎఫ్ అతుక్కునే చోట్లనూ, అడ్డుకుంటుంది. బీపీ పెరుగుతుంది, పుండ్లు ఆలస్యంగా మానతాయి, రోజూ చూసుకోవాలి.

పర్లాకిమిడి:
చెల్లీ, నూనె సీసా తీసేశాం. సీటీ రేపే.